షిఫ్టు రోజుకోలా మారుతోంది, నిద్ర పట్టడం లేదు, మనసు నిలవడం లేదు: ఏం చేయాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. విశాఖ దగ్గర పరవాడ వైపు ఒక కర్మాగారంలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నారు. ఉదయపు ఏ, మధ్యాహ్నపు బీ, రాత్రి సీ షిఫ్టులలో మరునాడు ఏది పడుతుందో ముందురోజు రాత్రి సూపర్‌వైజర్ వాట్సాప్‌లో పంపే మెసేజ్ చూస్తే గాని తెలియదు. ఎనిమిది నెలలుగా ఇదే తీరు. సీ షిఫ్టు దిగి వచ్చాక మూడు, నాలుగు గంటలకు మించి నిద్ర పట్టడం లేదు. రెండేళ్ల పాప ఏడిస్తే పట్టరాని కోపం వస్తోంది, ఆ తరువాత బయటకు వెళ్లి మీరే ఏడుస్తున్నారు. "నాకు మతి చలిస్తోందా, ఉద్యోగం మానేయాలా" అని అడిగారు.

మీకు మతి చలించడం లేదు. మనిషిని ఎదురుగా చూడకుండా రోగ నిర్ధారణ చేయకూడదు గాని, మీరు రాసినదంతా నెలల తరబడి సరైన నిద్ర లేని మనిషిలో నేను తరచుగా చూసే చిత్రమే. ఇందులో చాలా భాగం కుదుటపడుతుంది. ఉద్యోగం మానాలా వద్దా అన్నది మాత్రం ఈ స్థితిలో తేల్చుకోకండి. కనీసం రెండు వారాల పాటు నిద్రను ఒక దారిలో పెట్టుకున్న తరువాత ఆలోచించండి. అయితే చనిపోవాలన్న తలంపు గాని, పాపకు ఏమైనా చేసేస్తానేమో అన్న భయం గాని ఒక్కసారి కలిగినా, నేను కింద రాసినదంతా పక్కన పెట్టి వెంటనే సహాయం తీసుకోండి. 14416 అనే టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి) నంబరుకు రాత్రి పగలు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. మన ఊళ్లో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉంది. అక్కడికి వెళ్లడానికి సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

నేను పారిశ్రామిక ఆరోగ్య వైద్యంలో శిక్షణ పొంది, గాజువాక, మల్కాపురం ప్రాంతాల కార్మికులను ఇరవై మూడేళ్లుగా చూస్తున్నాను. మానసిక వైద్యం నా విభాగం కాదు. ఆ అవసరం కనిపించినప్పుడు ఆ వైద్యుల దగ్గరకు పంపుతాను.

మీ విషయంలో అసలు ముల్లు ఎక్కడ ఉందో ముందు చెబుతాను. అందరూ నైట్ డ్యూటీని తిడతారు. నిజానికి రాత్రి పని కంటే, ఏ వేళ పని పడుతుందో తెలియని పని మనిషిని ఎక్కువగా విరగ్గొడుతుంది. మెదడు అడుగుభాగంలో, రెండు కంటి నరాలు కలిసే చోటికి కాస్త పైన, సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అనే చిన్న కణసమూహం ఉంటుంది. శరీరంలోని గడియారాలన్నింటికీ అదే పెద్ద గడియారం. దాని సొంత చక్రం 24 గంటలకు కొద్ది నిమిషాలు ఎక్కువ. రోజూ ఉదయపు వెలుగు కంటిలో పడి దానిని సరిచేస్తూ ఉంటుంది. కణం లోపల ఈ గడియారం ఎలా నడుస్తుందో కనుగొన్నందుకే 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్ అనే ముగ్గురికి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. చీకటి పడ్డాక ఈ గడియారం ఆజ్ఞతోనే నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోను ఊరుతుంది, ఒంటి వేడి తగ్గుతూ పోయి తెల్లవారుజామున 3 నుంచి 5 గంటల మధ్య అట్టడుగుకు చేరుతుంది, అక్కడి నుంచి మళ్లీ పెరుగుతూ మనిషిని మేలుకొలుపుతుంది. సీ షిఫ్టు దిగి మీరు ఎనిమిదింటికి పక్క మీదకు చేరే వేళకు మీ శరీరం మేలుకొనే దారిలో సగం నడిచేసి ఉంటుంది. ఒళ్లు ఎంత అలసినా పదకొండింటికి కళ్లు తెరుచుకోవడం అందుకే. ఇది మీ బలహీనత కాదు, మనసు అదుపులో లేకపోవడం అంతకన్నా కాదు.

ఈ గడియారాన్ని జరపవచ్చు గాని, అది రోజుకు దాదాపు ఒక గంట మాత్రమే జరుగుతుంది. వరుసగా వారం రోజులు రాత్రులే పడితే అది కొంత దూరమైనా వెంట వస్తుంది. సోమవారం ఏ, మంగళవారం సీ, గురువారం బీ అంటే అది ఎటు జరగాలో దానికే తెలియదు. దానికి తోడు ఎదురుచూపు ఒకటి ఉంది. రాత్రి తొమ్మిదింటికి ఏ మెసేజ్ వస్తుందో అని ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చునే మనిషికి, ఆ రోజు సెలవైనా విశ్రాంతి కాదు. మీరు ఈ మాట రాయలేదు గాని, ఇలాంటి రోస్టర్ (డ్యూటీల పట్టిక) మీద పనిచేసేవారందరూ నాతో ఎప్పుడో ఒకప్పుడు అన్న మాట ఇది.

కోపం సంగతి. నిద్ర లేని మనుషుల మెదడును స్కానింగ్‌లో పరిశీలించినప్పుడు, భయాన్నీ కోపాన్నీ రేపే అమిగ్డలా అనే భాగం మామూలు కంటే ఎక్కువగా చెలరేగడం, దానిని ఆపవలసిన నుదుటి వెనుక భాగానికి దానితో పట్టు సడలడం కనిపించాయి. పాప ఏడుపు మీకు శత్రువు కేకలా వినిపిస్తున్నది అందుకే. ఆ క్షణంలో మీతో మీరు వాదించుకోవద్దు. పాపను మీ భార్య చేతికిచ్చి, ఇంట్లో మరెవరూ లేకపోతే మంచం మీద కాకుండా నేల మీద క్షేమంగా కూర్చోబెట్టి, గుమ్మం బయట అయిదు నిమిషాలు నిలబడి రండి.

ఇది షిఫ్టు అలసటేనా, డిప్రెషన్ కూడా మొదలైందా అన్నది తేల్చుకోవడానికి నేను అడిగే ప్రశ్న ఒకటుంది. సెలవు దొరికి, వరుసగా రెండు మూడు రాత్రులు కడుపునిండా నిద్రపోయిన తరువాత, మీకు ఇష్టమైన పనిలో ఇష్టం తిరిగి వస్తోందా? వస్తే ముందు నిద్రను సరిచేద్దాం. నిద్ర దొరికినా దేని మీదా ఆసక్తి లేకుండా, తాను పనికిరానివాడినన్న భావంతో, తిండి సయించకుండా రెండు వారాలు గడిచాయంటే అది వైద్యం అవసరమైన డిప్రెషన్. దానికి మంచి మందులూ, మాటలతో చేసే చికిత్సా ఉన్నాయి. నిద్రలేమీ డిప్రెషనూ ఒకదాన్నొకటి పెంచుకునేవే కాబట్టి ఇక్కడ ఆలస్యం మంచిది కాదు.

ఇక చేయవలసినవి. 1980ల తొలినాళ్లలో బ్రిటన్ పరిశోధకులు ఒక ఉపాయాన్ని పరీక్షించి, దానికి 'లంగరు నిద్ర' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. రోజువారీ నిద్ర మొత్తం ఒకే వేళకు కుదరకపోయినా, అందులో నాలుగు గంటలు మాత్రం ప్రతిరోజూ ఒకే వేళకు పడేలా చూసుకుంటే, శరీర గడియారం కొట్టుకుపోకుండా నిలుస్తుంది. మిగిలిన నిద్రను ఎప్పుడు వీలైతే అప్పుడు కలుపుకోవచ్చు. ఓడరేవు ఊళ్లో ఉన్నవారికి ఈ మాట వివరించనక్కరలేదు.

కాని దీన్ని మీ రోస్టర్‌కు యథాతథంగా అతికించలేము. ఉదయం 6 నుంచి 2 వరకు ఏ, 2 నుంచి రాత్రి 10 వరకు బీ, 10 నుంచి తెల్లవారి 6 వరకు సీ. ఈ మూడూ కలిసి రోజులోని 24 గంటలనూ పంచేసుకున్నాయి కనుక మూడింటికీ ఖాళీగా మిగిలే నాలుగు గంటలు ఎక్కడా లేవు. మరి ఏం చేయాలంటే, ముందు ఏ, బీ రెండింటినీ కలిపి చూడండి. బీ దిగి మీరు పదకొండున్నరకు ఇంటికి చేరతారు, ఏ షిఫ్టుకు నాలుగున్నరకు లేవాలి. అంటే రాత్రి 12 నుంచి 4 వరకు ఆ రెండు షిఫ్టుల రోజులలోనూ, సెలవు రోజునా మీ సొంతం. అదే మీ లంగరు. ఏ షిఫ్టు రోజున దానికి ముందు పదింటి నుంచే పడుకోండి, బీ షిఫ్టు రోజున దాని తరువాత ఎనిమిది వరకు పడుకోండి. ఏ రోజున పదింటికి పడుకున్నాను గనుక బీ రోజున రెండింటి వరకు ఫోన్ చూస్తూ కూర్చుంటానంటే లంగరు తెగిపోతుంది.

సీ షిఫ్టు ఒక్కటే ఈ అమరికను చెడగొడుతుంది. మధ్యలో ఒకే ఒక్క సీ పడినప్పుడు శరీరాన్ని దానికి అలవాటు చేయడానికి ప్రయత్నించకండి. ఆ సాయంత్రం డ్యూటీకి వెళ్లేముందు ఆరింటి నుంచి ఏడున్నర వరకు చీకటి గదిలో పడుకోండి. నిద్ర పట్టినా పట్టకపోయినా పడుకోండి. తెల్లవారి దిగి వచ్చాక పదకొండు, పన్నెండు వరకు పడుకుని లేచి, మళ్లీ రాత్రి పదిన్నరకు పక్క మీదకు చేరండి. మూడు, నాలుగు సీ షిఫ్టులు వరుసగా పడితే మాత్రం ఆ రోజులకు ఉదయం 8 నుంచి 12 వరకు వేరే లంగరు వేసుకుని, దానిని ఎవరి కోసమూ కదపవద్దు. అందుకే సూపర్‌వైజర్‌ను అడగవలసిన మొదటి సాయం "సీ షిఫ్టులు తగ్గించండి" అని కాదు, "సీ షిఫ్టులన్నీ ఒకచోట ఇవ్వండి" అని.

రెండవది, షిఫ్టులు మారే దిశ. మన గడియారం సహజంగా కొంచెం వెనుకబడే స్వభావం కలది కాబట్టి ఆలస్యంగా పడుకోవడం సులువు, ముందుగా పడుకోవడం కష్టం. ఏ తరువాత బీ, బీ తరువాత సీ ఇస్తే శరీరం భరిస్తుంది. సీ, బీ, ఏ అని వెనక్కి తిప్పితే ప్రతి మార్పూ ఒక దెబ్బే. అన్నింటికంటే చెడ్డది రాత్రి పదింటికి బీ దింపి మరునాడు ఉదయం ఆరింటికి ఏ ఎక్కించడం. మధ్యలో ఎనిమిది గంటలున్నట్టు కాగితం మీద కనిపిస్తుంది గాని, రాకపోకలూ తిండీ స్నానమూ పోగా నాలుగు గంటల నిద్రకు మించి మిగలదు. యూరోపియన్ యూనియన్ దేశాలలో రెండు డ్యూటీల మధ్య కనీసం 11 గంటల విశ్రాంతి ఉండాలని నియమమే ఉంది.

దీనికి సంబంధించి నేను మరచిపోలేని మనిషి ఒకరున్నారు. పన్నెండేళ్ల క్రితం సంగతి. ఒక క్రేన్ ఆపరేటర్, నలభై దాటినవారు, నిద్ర పట్టడం లేదని వస్తే నేను నిద్రమాత్ర రాసి పంపాను. నెల తరువాత మళ్లీ వచ్చారు, మోతాదు పెంచాను. మూడవసారి ఆయన భార్య వెంట వచ్చి, "డాక్టరు గారూ, ఈయన డ్యూటీ కాగితం ఒకసారి చూడండి" అని చేతిలో పెట్టారు. సీ, బీ, ఏ అని వెనక్కి తిరిగే రోస్టర్ అది. వారానికి రెండుసార్లు బీ దిగిన మరునాడే ఏ. ఆ కాగితం నేను మొదటి రోజే అడిగి ఉండవలసింది. ఆయన జబ్బు ఆ కాగితంలో ఉంటే నేను మాత్రలో వెతికాను. ఆ మాత్రను మాన్పించడానికి మాకు అయిదు నెలలు పట్టింది. రోస్టర్ దిశ మార్పించడానికి యాజమాన్యంతో మాట్లాడుతూ మరో సంవత్సరం పట్టింది. దిశ మారిన తరువాత ఆయన మళ్లీ నిద్ర కోసం నా దగ్గరకు రాలేదు. అప్పటి నుంచి నేను బీపీ చూసేముందే డ్యూటీ చార్టు అడుగుతున్నాను.

మాత్రల మాట వచ్చింది కనుక, గట్టిగా చెబుతున్నాను. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న అల్ప్రాజోలం వేసుకోవద్దు. అది షెడ్యూల్ హెచ్‌1 మందు, వైద్యుని చీటీ లేకుండా అమ్మడమే తప్పు. కొన్ని వారాలలోనే అది లేనిదే నిద్ర రాని స్థితికి తెస్తుంది, ఉన్నట్టుండి మానితే ఆందోళన రెట్టింపవుతుంది, కొందరికి మూర్ఛ కూడా రావచ్చు. ఇప్పటికే వేసుకుంటున్నట్టయితే మీ అంతట మీరు ఆపేయకుండా వైద్యుని దగ్గర క్రమంగా తగ్గించుకోండి. మెలటోనిన్ అలాంటిది కాదు గాని, దానిని ఏ వేళకు వేసుకుంటామన్నదాని మీదే ఫలితమంతా ఉంటుంది. తప్పు వేళకు వేసుకుంటే గడియారం తప్పు దిశలో జరుగుతుంది, కాబట్టి అదీ అడిగే వేసుకోండి. మద్యం తొందరగా నిద్ర పట్టిస్తుంది, రెండు మూడు గంటల తరువాత అదే నిద్రను ముక్కలు చేస్తుంది.

వెలుగు గురించి మన ఊరికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. తూర్పు తీరంలో ఉన్నాము. మే, జూన్ నెలలలో 5:30 లోపే సూర్యోదయమవుతుంది. ఆరింటికి గేటు దాటి లంకెలపాలెం మీదుగా కూర్మన్నపాలెం వైపు బండి మీద వస్తుంటే ఎండ నేరుగా ముఖాన పడుతుంది. గడియారానికి అంతకంటే బలమైన 'తెల్లవారింది' అన్న సంకేతం లేదు. అందుకే దిగేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకోమని అంటారు. అయితే వాటితో మగత ఇంకా పెరుగుతుంది కాబట్టి, వెనుక కూర్చునో, కంపెనీ బస్సులోనో వచ్చేవారికే నేను ఆ సలహా ఇస్తాను. సొంతంగా బండి నడిపేవారు కళ్లద్దాల సంగతి వదిలేసి ప్రాణం సంగతి చూసుకోండి. 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి చేతి నేర్పూ చూపూ, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతాయని 1997లో ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధనలో తేలింది. మన దేశంలో బండి నడిపేవారికి అనుమతించిన హద్దు 0.03 శాతమే. ఉదయం లేచి పగలంతా పడుకోకుండా సీ షిఫ్టుకు వెళ్లినవారు దిగే సరికి 24 గంటలు మేలుకొని ఉంటారు. తరువాతి షిఫ్టు మనిషి (రిలీవర్) రాలేదని డబుల్ డ్యూటీ చేసిన రోజున దయచేసి జాతీయ రహదారి మీద బండి తీయవద్దు. విశ్రాంతి గదిలో ఇరవై నిమిషాలు కునుకు తీసి, లేచాక పావుగంట ఆగి, అప్పుడు బయలుదేరండి. వీలైతే బస్సులో రండి.

పగటి నిద్రకు గది కావాలి. మీది రేకుల ఇల్లని రాశారు. విశాఖ ఉక్కపోతలో నీళ్ల కూలర్ పెద్దగా పనిచేయదు, గాలిలో తేమ మరింత పెరుగుతుంది. దాని మీద డబ్బు పెట్టకండి. రేకుల మీద తెల్ల సున్నం పూత, కిటికీకి మందపాటి నల్లగుడ్డ, కళ్లకు గంత, గట్టిగా తిరిగే ఫ్యాన్ చాలు. ఆ ఫ్యాన్ చప్పుడే వీధి చప్పుళ్లను కప్పేస్తుంది.

గది కంటే కష్టమైనది మనుషుల విషయం. రాత్రి డ్యూటీ చేసే ఒక నర్సు నాకు తెలుసు. ఆవిడ ఉదయం తొమ్మిదింటికి పడుకుంటే పదింటికి గ్యాస్ బండ, పదకొండింటికి చుట్టాలు, పన్నెండింటికి అత్తగారి మందులు. పగలు పడుకుంటే ఒళ్లొంచని మనిషి అన్న పేరు. మూడేళ్లు అలా గడిపి, తలనొప్పులతోనూ కారణం లేని ఏడుపుతోనూ వచ్చారు. మందు కంటే ముందు నేను అత్తగారిని పిలిపించి, "మీ కోడలికి ఉదయం పదకొండు గంటలంటే మనకు అర్ధరాత్రి రెండు గంటలు. రెండింటికి మిమ్మల్ని ఎవరైనా లేపితే ఎలా ఉంటుంది?" అని అడిగాను. ఆవిడకు ఒక్క మాటతో అర్థమైంది. మరుసటి వారం నుంచి తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నది ఆవిడే. మీ ఇంట్లోనూ ఈ మాట నోరు తెరిచి చెప్పాలి. అదే సమయంలో, రెండేళ్ల పాపతో మీ భార్యకూ నిద్ర లేదన్న సంగతి మరవకండి. సెలవు రోజు మధ్యాహ్నం పాపను మీరు తీసుకుని ఆమెను పడుకోనివ్వండి.

టీ, తిండి గురించి ఎక్కువ చెప్పను. తాగిన టీలోని కెఫీన్‌లో సగం అయిదు గంటల తరువాత కూడా ఒంట్లోనే ఉంటుంది. సీ షిఫ్టులో ఆఖరి టీ ఒంటి గంటకు అయిపోవాలి. భోజనం వెళ్లేముందే చేసి, అర్ధరాత్రి దాటాక ఆకలైతే అరటిపండో, మజ్జిగో, గుప్పెడు వేరుశనగలో చాలు. రెండింటికి క్యాంటీన్ బిర్యానీ తింటే మంటా మగతా రెండూ వస్తాయి.

కొందరు ఈ ఉపాయాలతో సరిపెట్టుకోకూడదు. మూర్ఛ వ్యాధి ఉన్నవారికి నిద్రలేమి మూర్ఛను రప్పిస్తుంది. ఇన్సులిన్ తీసుకునేవారికి వేళలు తప్పితే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. మనసు ఉన్మాదానికీ దిగులుకీ మధ్య ఊగే బైపోలార్ జబ్బు ఉన్నవారికి ఉన్మాద దశ మొదలవడానికి రెండు మూడు రాత్రుల జాగారం చాలు. ఒకసారి ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు వరుసగా డబుల్ డ్యూటీలు చేసి, అలసటే లేదనీ, నిద్రే అక్కర్లేదనీ నవ్వుతూ వస్తే తోటివారు మెచ్చుకుంటున్నారు. మాట వేగం చూసి నాకు అనుమానం వచ్చి అదే రోజు మానసిక వైద్యుని దగ్గరకు పంపాను. అది ఉన్మాద దశ ఆరంభం. మీకు గాని మీ కుటుంబంలో గాని ఇలాంటి చరిత్ర ఉంటే సీ షిఫ్టు వద్దని వైద్యుని చేత లేఖ రాయించుకోండి.

కాంట్రాక్టు మనిషి అడిగితే ఎవరు వింటారు అంటారు. ఒక్కరే అడగకండి, అదే షిఫ్టులోని నలుగురైదుగురు కలిసి అడగండి. కనికరం చూపమని కాదు, భద్రత కోసమని అడగండి. నేను పనిచేసిన ఒక చోట ఎన్ని మాటలు చెప్పినా కదలని అధికారులు, ప్రథమ చికిత్స రిజిస్టరులోని చిన్న దెబ్బలను గంటల వారీగా రాసి చూపించినప్పుడు, తెల్లవారుజామున పేరుకున్న గీతలను చూసి మాట విన్నారు. మీరు అడగవలసినవి మూడే: రోస్టర్ కనీసం వారం ముందు ఇవ్వడం, సీ షిఫ్టులను ఒకచోట చేర్చడం, బీ దిగిన మరునాడు ఏ వేయకపోవడం. ఈ మూడింటికీ అదనంగా ఒక మనిషిని పెట్టనక్కరలేదు. ఆ మాట కూడా వారికి చెప్పండి. మూడు నెలలు అడిగినా ఒక్కటీ కుదరకపోతే, అప్పుడు వేరే పని వెతుక్కోవడం ఓటమి కాదు. కొత్త పని దొరికే వరకు దీనిని వదలకుండా వెతకండి.

ఈ రాత్రి నుంచే ఒక చిన్న పుస్తకం పెట్టండి. పద్నాలుగు రోజుల పాటు ఏ షిఫ్టు, ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు, ఎన్ని టీలు, ఆ రోజు కోపం పదికి ఎంత అన్నది రెండు వరుసలలో రాయండి. ఈ బాధ మూడు నెలలు దాటితే దానికి షిఫ్టు పని నిద్ర రుగ్మత అని వైద్యంలో పేరే ఉంది. మీకు ఎనిమిది నెలలు దాటింది కాబట్టి పద్నాలుగు రోజుల తరువాత మెరుగు కనిపించినా ఆ పుస్తకం పట్టుకుని ఒకసారి వైద్యుని కలవండి. వెళ్లేటప్పుడు మీ భార్యను కూడా తీసుకువెళ్లండి. నిద్రలో మీరు గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆపుతున్నారా అన్నది ఆ వైద్యుడు తప్పకుండా అడుగుతారు, దానికి సమాధానం ఆమెకే తెలుస్తుంది.